ఇంటి కప్పు ఎవరు వేయించారు

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆత్మకూరులో ఒక పూరిల్లు. దాని అద్దెతోనే ఉదయగిరిలో నా పొయ్యి వెలిగేది. బొగ్గుతో నడిచే బస్సుల కాలం అది. ఆ రోజు అద్దె తెచ్చుకుందామని ఆత్మకూరుకు పోతుంటే, బస్సులో నా పక్కన దర్గాకు పోయే ముసలామె కూర్చుంది. ఏటా వేసవిలో కప్పుకు కొత్త గడ్డి వేయాలి గదా, అద్దెకున్న అంగడాయనే వేయించి, ఆ ఖర్చు అద్దెలో పట్టుకుంటాడని ఆమెతో గొప్పగా చెప్పుకున్నాను.

ఆమె ఆకు నమలడం ఆపింది. "పోయినేడు ఎవురు వేయించినారు?"

"ఆయనే అవ్వా."

"అంతకు ముందు?"

"ఆయనే."

ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా ఇంటికీ ఒకాయన అట్లనే వేయిస్తా వచ్చినాడమ్మే. కడాకు ఇల్లు నాదే పొమ్మన్నాడు. పంచాయతీలో పెద్దమనుషులు, కప్పు ఎవురు వేయించినారని వీధిలో అడిగినారు. అందరూ ఆయన పేరే చెప్పినారు. వాళ్లు అబద్ధమూ చెప్పలా."

దర్గా ఉన్న పేటకు పోయే దారి మలుపులో ఆమె దిగిపోయింది.

నేను పోయేసరికి మా ఇంటి ముందు గడ్డిమోపులు దించుతున్నారు. కూలీలను ఆపి, నిచ్చెన నేనే ఎక్కాను. వీధంతా చేరింది.

"దిగమ్మా, అందరూ నవ్వుతుండారు. నేను చూసుకుంటా గదా" అన్నాడు అంగడాయన.

"నవ్వనీ నాయనా. నవ్వినోళ్లకు బాగా గుర్తుంటాది. గడ్డి ఖర్చు నాది. నువ్వు అద్దె పూర్తిగా ఇయ్యి. ముందు ఆ మోపందుకో."

ఆయన కూలీల వైపు చూశాడు. కడకు ఆయనే మోపెత్తి అందించాడు. అందుకుంటుంటే నా మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది.