ఎడమ తలుపు అద్దం

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగిపోలేదు కానీ నా వైటూకే కాంట్రాక్టు ఆగిపోయింది. దేశం కాని దేశంలో, టూంగాబీ అనే నగర శివారులో, అద్దె గదిలో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూస్తుండేవాణ్ణి.

ఇంటాయన కర్నూలు నుంచి ఎప్పుడో వచ్చి బట్టల దుకాణం నడుపుకున్న ముస్లిం పెద్దాయన. అంకుల్ అని పిలిచేవాణ్ణి. ఆంటీ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గ్యారేజీలో వాళ్ల పాత కారు ఉండేది, అరవైల నాటిది. ఆమె ఉన్నప్పుడే దాన్ని కొత్తగా చేయించాలని ఇంజన్ బాగుచేశాడు, రంగు వేయించాడు. ఆ తర్వాత వదిలేశాడు.

జనవరిలో, అంటే అక్కడ నడి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం గ్యారేజీలో పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే కారు ఎడమ తలుపు అద్దం పొడిపొడిగా రాలిపోయి ఉంది. అక్కడ మనిషి లేడు, రాయి లేదు. "ఎండకేమో అంకుల్" అన్నాను. ఆయన ఆ సీటు వైపు చూస్తూ ఉండిపోయాడు. అది ఆంటీ కూర్చునే చోటు.

పాత కార్ల యార్డులో అలాంటిదే అద్దం దొరికింది. శనివారం ఇద్దరం పనిలో దిగాం. అద్దం తిప్పే హ్యాండిల్ ఊడదీసి, తలుపు లోపలి అట్టను జాగ్రత్తగా లాగాం. తలుపు అడుగున గాజుముక్కలు గలగలమన్నాయి. చేత్తో ఏరాను, వాక్యూమ్ పెట్టాను. ఖాళీ అయిందనుకుని తలుపు ఊపితే మళ్లీ గలగల. చివరికి ఒక హెయిర్‌పిన్ వచ్చింది, దానికి ఒక తెల్ల వెంట్రుక. అంకుల్ దాన్ని జేబులో వేసుకున్నాడు.

"నువ్వు లోపల కూచోని అద్దం పట్టుకోప్పా, నేను బయటి నుంచి దించుతా" అన్నాడు.

ఆంటీ సీట్లో కూర్చుని రెండు చేతులూ చాచాను. ఆయన అద్దాన్ని ఏటవాలుగా తలుపు సందులోకి దించుతున్నాడు. సగం దిగాక ఆయన చేతులు ఆగిపోయాయి. అద్దంలోకి చూస్తున్నాడు. నా వైపు కాదు, నా భుజం పక్కకి.

"అంకుల్?"

"దిగప్పా. నువ్వు దిగు ముందు."

నా వీపు చల్లబడింది. ఆ ఎండలో! దిగి ఇవతలికొచ్చి, వంగి బయటి నుంచే పట్టుకున్నాను. అడుగు పట్టీలో కూర్చోబెట్టి బోల్టులు బిగించాం. హ్యాండిల్ తిప్పితే అద్దం మెత్తగా పైకి వెళ్లింది.

మర్నాడు దగ్గర్లోని బ్లాక్‌టౌన్ వెళ్దామన్నాడు. నేను ముందు తలుపు తీయబోతే "వెనక కూచో నాయనా" అన్నాడు. కూర్చున్నాను. దారంతా ఆయన తక్కువ గొంతుతో ఉర్దూలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, పక్క సీట్లో ఉన్నవాళ్లకు చెప్తున్నట్టు. నాకు అర్థమైంది కొంచెమే. ట్రాఫిక్, ఎండ, దుకాణం సంగతులు.

రొట్టె కొనడానికి దిగేముందు ముందుకు వంగి ఆ కొత్త అద్దం నేనే పూర్తిగా ఎత్తాను. తిరిగొచ్చేసరికి నాలుగు వేళ్ల సందు కిందికి దిగి ఉంది. అంకుల్ స్టీరింగు దగ్గరే ఉన్నాడు.

"మీరు దించారా?"

"లేదప్పా. మీ ఆంటీకి కారెక్కితే వాంతి వచ్చేది. ఎప్పుడూ ఇంత సందు ఉంచుకునేది."

"బోల్టు వదులైందేమో అంకుల్. ఇంటికెళ్లి మళ్లీ విప్పి చూద్దాం."

"వద్దు. ఉండనీ."

ఆయన మొహంలో భయం లేదు. భయమంతా నాకే. వెనక సీట్లోకి ఆ సందులోంచి గాలి తగులుతుంటే, నా ముందు ఖాళీగా ఉన్న సీటు వైపు చూడకుండా వేళ్లు బిగించి కూర్చున్నాను.

మార్చిలో దూరాన టూవూంబా యూనివర్సిటీలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాను. అంకుల్ నెలకోసారి ఫోన్ చేసేవాడు. ఆదివారాలు ఆ కార్లో బ్లూ మౌంటెన్స్ కొండల దాకా వెళ్తున్నామని చెప్పేవాడు. ఎవరెవరు అని నేనెప్పుడూ అడగలేదు.