ఆ కాగితం మీద నా వేలిముద్ర

దయ్యాలూ భూతాలూ నా దగ్గర నడవవు. సీతాఫల్‌మండి వైపు, రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఒక సర్కారు హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా ఆయాగా పనిచేశాను. తెల్లవారకముందే ఒక్కదాన్నే తాళాలు తీసి గదులన్నీ ఊడ్చేదాన్ని. సైన్సు గదిలోని ఎముకల బొమ్మకు దుమ్ము దులిపింది నేనే. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. మనుషులు చేసిన పాడు పనులే చూశాను. అందులో ఒకటి నేనూ చేశాను.

ఇప్పుడు చెప్పేది ఈ ఏడాది పట్టపగలు జరిగింది. చూసినవాళ్లం ముగ్గురం.

ముందు పాత సంగతి చెప్పాలి. రైల్వే కూలీల పిల్లలు, బండ్లమీద కూరగాయలు అమ్మేవాళ్ల పిల్లలు చదివిన బడి అది. ఒక వరండాలో తెలుగు, ఎదురు వరండాలో ఉర్దూ. ఆడపిల్లలందరికీ కలిపి ఒక్కటే బాత్రూము. దానికీ తాళం. తనిఖీకి ఆఫీసరు వస్తాడు, అప్పటిదాకా మరక పడకూడదని అప్పటి హెడ్మాస్టరు సారు హుకుం. తాళంచెవి నా కొంగుకు ఉండేది. మూడు వారాలైనా ఆఫీసరు రాలేదు. పిల్లలు వెనక గోడ సందులోంచి దూరి, పట్టాల పక్క తుప్పల్లోకి పోయేవాళ్లు.

తొమ్మిదో తరగతి విజయ ఆ రోజు నా దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మా, ఒక్కసారి తాళం తియ్యవా? జెర కడుపునొస్తుంది."

"సారు తిడ్తడు, పో బిడ్డా" అన్నాను.

పోయింది. రైలు గుద్దింది.

మర్నాడు సారు నన్ను ఆఫీసుకు పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. "ఏం లేదు సత్తెమ్మా, పిల్ల పోయిందని రాశాం. వేలిముద్ర వెయ్యి" అన్నాడు. క్లర్కు నా బొటనవేలు పట్టుకుని ఊదా సిరాలో ముంచి, కాగితం మీద అదిమాడు. దాని మీద సగం పడేటట్టు బడి సీలు గుద్దాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వారం తిరక్కముందే బస్తీలో మాట పాకింది. విజయ ఆ రోజు బడికే రాలేదట, ఆయా సాక్ష్యం చెప్పిందట. బడికి రాని పిల్లకు పట్టాల దగ్గర ఏం పని, ఎవడితో పోయింది అని నోటికొచ్చింది అన్నారు. ఆ మాటలన్నీ పిల్ల తల్లి బాలమణి పడింది.

నేను చదువు నేర్చుకున్నది ఆ కాగితంలో ఏముందో చూడాలనే. నలభై దాటాక, మధ్యాహ్నం అన్నం గంటలో, పదో తరగతి ఆడపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. చదవడం వచ్చింది. అడిగే ధైర్యం రాలేదు. నౌకరీ పోతుందని నోరు మూసుకున్నాను. రిటైరయ్యాక కూడా మూసుకునే ఉన్నాను. దానికి మాత్రం సాకు లేదు.

ఈ ఏడాది పాత విద్యార్థులు బడికి పెద్ద ఉత్సవం పెట్టారు. రంగులు, షామియానా, శాలువాలు. ఎప్పుడో చనిపోయిన ఆ సారు ఫోటోను ఆఫీసు గదిలో పెట్టి, కింద "క్రమశిక్షణకు మారుపేరు" అని రాయిస్తారని విన్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అదే సాయంత్రం బాలమణి నా గడపలోకి వచ్చింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

"ఫోటో పెడ్తరంట గద సత్తెమ్మా. నా బిడ్డ ఆ దినం బడికి వచ్చిందని సుత ఒక్క ముక్క రాయిస్తవా? నేను పొయ్యేలోపు."

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లాను. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ మేడమ్ నెమ్మదైన మనిషి. అదే బడిలో చదివి అక్కడే క్లర్కయిన ఖాదర్ గంటసేపు బీరువా వెతికి ఫైలు తీశాడు. నేనే చదివాను. "విజయ ఆ దినము పాఠశాలకు హాజరు కాలేదని నాకు తెలియును." కింద సారు సంతకం ఉంది. సీలు ఉంది. "సత్తెమ్మ వేలిముద్ర" అని రాసి ఉంది.

వేలిముద్ర లేదు.

సిరా వెలిసిపోయిందేమో అనుకున్నాం. అదే ఫైల్లో, అదే నెలలో, తాళాలు తీసుకున్నందుకు నేను వేసిన ముద్ర నిన్న వేసినట్టు ఉంది. మేడమ్ కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. గీకిన గుర్తు లేదు, తడి మరక లేదు. నా వేలిముద్ర మీద పడ్డ సీలు మాత్రం ఎక్కడా చెదరకుండా గుండ్రంగా ఉంది.

"వెయ్యలేదేమో అమ్మా. మర్చిపోయారేమో" అంది మేడమ్.

"ముప్పై ఏండ్ల సంది ఈ యేలు సూస్కుంట ఏడుస్తున్న. మర్చిపోతనా?"

స్టాంపు ప్యాడు లాక్కుని, వేలు ముంచి, ఆ కాగితం మీద గట్టిగా అదిమాను. పడలేదు. మళ్లీ అదిమాను. పడలేదు. గోడమీది క్యాలెండరు మీద వేశాను. గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి. తడి ఆరని అదే వేలు మళ్లీ కాగితం మీద పెట్టాను. ఏమీ లేదు.

"యా అల్లా" అని ఖాదర్ గోడకు జరిగాడు.

ఇంకెవరైనా అయితే దండం పెట్టేవాళ్లేమో. నాకు కోపం వచ్చింది. నా వేలు లేకపోతే అది నా అబద్ధం కాకుండా పోతుంది. ఏం చూపించి ఒప్పుకోను? ఆ గదిలో ఎవరున్నారని అన్నానో తెలియదు గానీ, పైకే అనేశాను.

"నన్ను ఇడిసిపెట్టమని అడిగిన్నా బిడ్డా? నాకొద్దు గీ మాఫీ."

ఖాదర్ జేబులోంచి పెన్ను తీసుకున్నాను. సీలు కింద రాశాను. "విజయ ఆ రోజు బడికి వచ్చింది. బాత్రూం తాళం తియ్యమని నన్ను అడిగింది. నేను తియ్యలేదు. పైన ఉన్నది అబద్ధం. ఇట్లు, ఆయా సత్తెమ్మ." అక్షరాలు వంకరపోయాయి. కాగితం వాటిని మాత్రం తీసుకుంది.

రికార్డులో రాయకూడదు అంటూనే మేడమ్ దాని కింద తేదీ వేసి, సంతకం చేసి, జిరాక్స్ చేతికిచ్చింది.

బాలమణికి చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దుగాల రెండు జడలేసి తోలింది నేను. నాకు తెల్వదా? నాకెందుకు సదువుతవ్? బైట నిలవడి సదువు."

నల్లా దగ్గర నీళ్లకు బస్తీ ఆడవాళ్లంతా చేరే వేళ, నిలబడి చదివాను. బాలమణి ఇంకోసారి గట్టిగా చదవమంది. చదివాను.

సారు ఫోటో పెట్టారు. దండ వేశారు. నేను పోలేదు.

రేషన్ షాపు మిషను ఈ వేలిని నెలనెలా తీసుకుంటుంది. తరవాత ఖాదర్ తన వేలు ఆ కాగితం మూలన అద్ది చూశాడట, పడిందట. వేలిలో లోపం లేదు, కాగితంలో లోపం లేదు. మరి ఏం జరిగిందో నాకు చెప్పగలిగినవాళ్లు లేరు. ఆ పిల్ల నన్ను వదిలేసిందో, నా సాక్ష్యం తనకు అక్కర్లేదని తోసేసిందో, అది కూడా తెలియదు.