బయోడేటాలో చేసిన పెళ్ళిళ్ళు

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఆమదాలవలసలో ఒక ఫంక్షన్ హాలు మేనేజరు ఉద్యోగానికి వెళ్ళాను. బయోడేటా శ్రీకాకుళంలో నెట్ సెంటర్లో టైపు చేయించాను. 'ఎక్సలెంట్ ఆర్గనైజేషనల్ స్కిల్స్', 'ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్', 'టైమ్ మేనేజ్‌మెంట్'. ఐదొందల మంది పెళ్ళిళ్ళు ఒంటిచేత్తో నడిపానని కూడా రాయించాను. నిజానికి నేను నడిపింది మా ఆఫీసులో ఒక వీడ్కోలు టీ. అందులోనూ బిస్కెట్లు చాల్లేదు.

ఉద్యోగం ఇచ్చేశారు! మొదటి పని, సముద్రం ఒడ్డు ఊరి చేపలవాళ్ళ అమ్మాయి నిశ్చితార్థం.

"ఎన్ని ఇళ్ళు పిలిచారు?" అని పిల్ల తండ్రిని అడిగాను. నూట ఇరవై అన్నాడు. మా రైతుల ఊళ్ళో నిశ్చితార్థానికి ఇంటికో మనిషి వస్తాడు. నూట యాభై మందికి బియ్యం రాసిచ్చి, కాలు మీద కాలేసుకున్నాను.

ఆ రోజు పొద్దున్న గేటు ముందు వ్యాన్లు ఆగాయి. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, దిగుతూనే ఉన్నారు. లెక్కపెట్టడం మానేశాను. మగపెళ్ళివారు ముందు వరసలో కూర్చుని వంటశాల వైపే చూస్తున్నట్టు అనిపించింది.

"ఏటి మావా, మొకం అలాగ పాలిపోనాది?" అంది వంటావిడ.

"ఇంటికో మనిషనుకున్నానమ్మా."

"ఆళ్ళు పిలుపంటే ఇంటికి తాళమేసి వస్తారు. అన్ని పెళ్ళిళ్ళు సేసినోడివి, ఆ ముక్క అడగలేదేటి?"

"ఒక్కటీ చెయ్యలేదు. కాగితం మీద ఇంగ్లీషులో చేశాను."

ఆవిడ నవ్వలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఆ ఇంగ్లీషు వార్సితే గంజి కూడా రాదు. ఎల్లి బియ్యం మూట పట్రా. ముందు పిల్ల తండ్రికి సెప్పు, నువ్వే సెప్పు."

చెప్పాను. ఆయన తిట్టలేదు. మగపెళ్ళివారి వైపు చూసి, గొంతు తగ్గించి, "మా సిన్నదాని బతుకు మావా. ఎంతసేపు పడతాది?" అన్నాడు.

"గంట."

తాంబూలాలు గంటసేపు సాగదీశాడు పాపం. ప్రతి ముసలమ్మ చేతా అక్షింతలు వేయించాడు. నేను రెండు మూటలు భుజాన మోశానని చెప్పాలనుంది. ఆటోవాడు మోశాడు, నేను వెనక పరిగెత్తాను. ఆఖరి పంక్తి ఆకుల్లో పొగలు కక్కే అన్నం పడేదాకా నాకు ఊపిరాడలేదు.

సాయంత్రం ఓనరు భుజం తట్టాడు. "గ్రేట్ టైమ్ మేనేజ్‌మెంట్ అండీ! వచ్చే నెల పెద్ద పెళ్ళి, మీరొక్కరే చూసుకోండి."

గుండిగ తోముతున్న వంటావిడ తలెత్తకుండానే, "సెప్పు మావా" అంది.

ఓనరుకి అంతా చెప్పేశాను.

ఇప్పుడు నేను మేనేజర్ని కాను. గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని కూర్చోబెడుతుంటాను. వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడైతే మాత్రం, ఇప్పటికీ ముందు వంటశాల వైపే చూస్తాను.