గీత పడని ఆరో రీలు

ఇప్పటికి పద్దెనిమిదేళ్ళ కిందట, ఆగస్టు మొదటి సోమవారం నాడు, జంషెడ్‌పూర్‌లో ఒక వినోద క్లబ్బువారి సినిమా హాల్లో నన్ను ఫిల్మ్ చెకర్‌గా వేసుకున్నారు. అంతకు నాలుగు నెలల ముందు వరకూ అదే హాల్లో మా ఆయన అసిస్టెంట్ ఆపరేటరు. ఆయన పోయాక చీఫ్ ఆపరేటరు పైడిరాజన్న మేనేజరుతో మాట్లాడి ఈ పని ఇప్పించాడు. నేను ఐదో తరగతి దాకా చదివాను. అంకెలు వేయడం, సంతకం పెట్టడం వస్తే చాలన్నారు.

హాల్లో అందరికంటే పైన మేనేజరు, ఆయన కింద చీఫ్ ఆపరేటరు, తర్వాత అసిస్టెంటు, గేటు మనుషులు. అందరికీ చివర చెకరు. చెకరు పని ఏమిటంటే, ఆట అయిన రీళ్ళను మళ్ళీ మొదటికి చుట్టడం, చుడుతూనే దెబ్బలు పట్టుకోవడం. బల్ల మీద రెండు పళ్ళేలుంటాయి. కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేతికి నూలు తొడుగు వేసుకుని, పరిగెత్తే ఫిల్మ్ అంచులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టాలి. అంచున చిల్లు చిరిగితే తొడుగుకి తగులుకుంటుంది. అక్కడ ఆపి, చిరిగినంత కత్తిరించి, మందు రాసి అతికించాలి. ఆ అతుకును జాయింట్ అంటారు. తర్వాత కార్డు రాయాలి. ఏ రీలుకి ఎన్ని జాయింట్లు, గీతలు ఎక్కువా తక్కువా, చిల్లులు ఎలా ఉన్నాయి అని. నిలువు గీతలు ఎక్కువైతే తెర మీద వాన పడినట్టు ఉంటుంది. మేం వాటిని వాన అనే అనేవాళ్ళం.

ఆ క్లబ్బుకి ఒక సొంత ఆస్తి ఉండేది. ఎప్పుడో మూతపడిన ఒక పంపిణీ ఆఫీసు నుంచి కొన్న పదమూడు పాత హాలీవుడ్ సినిమాలు, అన్నీ నలుపు తెలుపువే. ఆదివారం పొద్దుటి ఆటకి వాటినే మార్చి మార్చి వేసేవారు. పెళ్ళయి ఇదే ఊళ్ళోని పర్సుడీహ్‌కి వచ్చిన దగ్గర్నుంచి స్టాఫు ఇంటిమనిషిగా వెనక వరసలో కూర్చుని అవన్నీ చూసినదాన్నే నేను. ఇంగ్లీషు ముక్క రాదు. కానీ భాష రానివాళ్ళకి మొహాలు బాగా గుర్తుంటాయి.

బల్ల దగ్గరికి వచ్చాక నా అభిప్రాయాలు కొన్ని మారాయి. ఒక్క సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు. దీపం ముందు పెట్టి ఒక్కొక్క బొమ్మా చూస్తే ఎవరి బండారం ఎంతో తెలుస్తుంది. తుపాకీ సినిమాల్లో హాలంతా ఈలలు వేసే పొడుగాయన, పేల్చే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకుంటాడు. మెట్ల మీద నాట్యం చేసే సన్నపాటాయన ఏ బొమ్మలో ఆపినా పటం కట్టించుకునేలా ఉంటాడు. ఆయన గాల్లో ఉన్నప్పుడు కూడా చేతులకి తొందర ఉండదు. కన్నీళ్ళకు పేరుపడ్డ ఒకావిడకి ఐదు సినిమాల్లోనూ ఎడమ కంటి నుంచే నీరు కారుతుంది. చూసినవాళ్ళు గొప్ప అన్నారు, నేను అభ్యాసం అన్నాను.

నాకు గిట్టనిది మాత్రం వంతెన సినిమాలో ఆవిడ. దాని అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు, అందరికీ అది వంతెన సినిమాయే. కథ చిన్నది. ఆవిడ మొగుడు ఇంజనీరు. తాను కట్టిన వంతెన బలంగా లేదని తెలిసీ దాస్తాడు. ఐదో రీలు చివర ఆవిడకి తెలుస్తుంది. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోతుంది. తర్వాత చూస్తే వంతెన దగ్గర లాంతరు పట్టుకుని మొగుడి పక్కనే నిలబడి ఉంటుంది. ఎందుకు వచ్చిందో ఉండదు. ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళు ఆవిడకి తలుపులమ్మ అని పేరు పెట్టారు. తలుపు వేసే చోట ముందు వరసల్లోంచి, “తలుపులమ్మ తల్లీ, ఎల్లిరా! మల్లీ వత్తావుగా!” అని అరిచేవారు. దొరసానుల కోపం పదినిమిషాలు కూడా నిలవదని మా పేటల్లో స్థిరపడిన అభిప్రాయం. నేనూ అలాగే అనుకున్నాను. నటన రానివాళ్ళకి అందం ఇచ్చి పెట్టారని ఇంటి దగ్గర అనేదాన్ని.

ఈ మాట ఒప్పుకోనిది రూతమ్మ టీచరు ఒక్కరే. కద్మా పేటలో కూతురు ఎస్తేరు దగ్గర ఉండేవారు. బడిలో పని చేసి రిటైరై, ఇంటి వరండాలో పిల్లలకి పాఠాలు చెప్పేవారు. డెబ్బై దాటాయి. హాలీవుడ్ అంటే ప్రాణం. నాలుగో వరస మొదటి కుర్చీ ఆవిడది. ఆవిడ ఏమనేవారంటే, ఈ సినిమా ట్రైనింగ్‌లో ఉండగా విశాఖపట్నంలో చూశాను, అందులో తలుపు వేసి వెళ్ళాక ఒక సీను ఉంది, పుట్టింటి వంటింట్లో కూర్చుని ఆవిడ చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీస్తుంది, మాట ఉండదు, నేను చూసిన నటనలో అంతకంటే గొప్పది లేదు, అని.

అటువంటి సీను ఎవరూ చూడలేదు. మొదట్లో నవ్వేవారు. “టీచరమ్మా, ఇంకో సినిమాలో తొడుగులు ఈ సినిమాకి తొడిగేసినారు,” అని గేటు దగ్గర ఒకాయన వేళాకోళం ఆడాడు. అంతలో ఆవిడ రెండుసార్లు స్టవ్ ఆర్పకుండా బయటికి వచ్చేశారు. అప్పట్నుంచి నవ్వడం మానేసి జాలిపడటం మొదలుపెట్టారు.

నేను చేరిన ఏడో నెలలో ఆవిడ వెనక తలుపు దగ్గరికి వచ్చారు. చేతిలో ఒక చీటీ ఉంది. సీను వరసగా రాసుకుని తెచ్చారు. అన్నీ చీటీల మీద రాసుకోవడం అప్పటికే అలవాటైంది.

“నరసమ్మా, రీలంతా నీ వేళ్ళ మీదుగానే కదా పోతుంది. వాళ్ళ మాట నాకొద్దు, నువ్వు చెప్పు. తొడుగులు తీసే సీను ఉందా లేదా?”

నాకు అవతల చుట్టవలసిన రీళ్ళు నాలుగున్నాయి. “నేదు టీచరమ్మా. ఆ సినిమా మూడుసార్లు సెకింగ్ సేసినాను. పది రీళ్ళూ నాకు తెలుసు. అలాటిదేటీ నేదు,” అన్నాను.

ఆవిడ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారు. “అయితే నాదే పొరపాటు,” అని వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా ఎస్తేరు వచ్చింది. ఆ పిల్ల పుట్టింది, పెరిగింది అంతా ఇక్కడే. మనం తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. “ఆంటీ, మమ్మీ నే ట్యూషన్ బంద్ కర్ దియా,” అంది. పిల్లలందర్నీ పంపేసిందట. లేనిది ఉందనుకునే మనిషి పిల్లలకి పాఠం చెప్పకూడదు, తప్పు నేర్పినా తనకి తెలియదు అందట. “ఎవలు సెప్పినారమ్మా అలాగ?” అంటే, “ఆప్ నే. మమ్మీ బోలీ, చెకర్ చెప్పింది, ఇంక డౌటు లేదు అని,” అంది.

ఆ పిల్ల నన్ను నిందించడానికి రాలేదు. నేను ఒకసారి వచ్చి మాట్లాడితే బాగుంటుందని అడగడానికి వచ్చింది.  అప్పుడు నాకు ఒకటి తోచింది. ఆ పది రీళ్ళూ నేను వేళ్ళతో చూశాను తప్ప కళ్ళతో చూడలేదు. చెకింగ్ అంటే అంచులే. మధ్యలో ఉన్న బొమ్మతో చెకరుకి పని లేదు.

ఆ మధ్యాహ్నం వంతెన సినిమా పెట్టెలు దింపి దీపం ముందు పెట్టుకున్నాను. ఒకటో రీలు నిండా వాన. రెండు, మూడు, నాలుగు అంతే. ఐదులో పద్దెనిమిది జాయింట్లు, తలుపు దగ్గరే ఏడు. ఆరో రీలు విప్పాను. గీత లేదు. జాయింట్ లేదు. నల్లగా, నున్నగా, మొన్ననే కడిగి ఆరబెట్టినట్టుంది. ఏడో రీలులో మళ్ళీ వాన.

మిషను ఎక్కిన ఫిల్మ్‌కి గీత పడకపోవడం ఉండదు. ఇది ఎక్కలేదన్నమాట. మూడు కార్డుల మీద నా చేతి రాతతోనే ఆరో నంబరు ఎదుట సున్నాలు వేసి ఉన్నాయి. ఎక్కినవాటితో కలిపి అదీ నా బల్లకే వచ్చేది కాబట్టి, వేసినప్పుడు మంచి రీలు అనుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్క బొమ్మే జరుపుకుంటూ వెళ్ళాను. వంటిల్లు వచ్చింది. బల్ల వచ్చింది. ఆవిడ కూర్చుంది. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి తొడుగు లాగుతోంది. నా ఎడమచేతికీ తొడుగు ఉంది. తీసి పక్కన పెట్టి మిగతాది చూశాను.

నా కంటే పైవాళ్ళ మీద నోటితో చెప్పడం ఇష్టం లేక కార్డు రాశాను. ఆరో నంబరు ఎదుట మూడు సున్నాలూ వేసి, కింద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి మేనేజరు బాబు ముందు పెట్టాను. చూస్తే ఆయనే అడుగుతాడనుకున్నాను. ఆయన చూశాడు. “ఛే నంబర్ ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్! బహుత్ అచ్ఛా,” అని ఆరో రీలుని మెచ్చుకుని సంతకం పెట్టేశాడు. కార్డులో చెడిపోయింది రాయడానికే గళ్ళున్నాయి.

ఇంక పైడిరాజన్న దగ్గరికే వెళ్ళాను. ఉద్యోగం ఇప్పించిన మనిషిని అడగడం కష్టమే. మెట్లెక్కి ప్రొజెక్టరు బూత్‌లోకి వెళ్ళి, “అన్నా, ఆరో రీలు ఎందుకెక్కించవు?” అన్నాను.

ఆయన మిషను దీపంలోంచి రాలిన కార్బన్ పొడి తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉన్నాడు. “సూసేసినావా?” అన్నాడు. “నాను తీసింది కాదమ్మా. నా ముందున్న పెద్దాయన తీసినాడు. పెట్టి మీద ఆరు పక్కన సుక్క ఉంటాది సూడు. సుక్కంటే ఎక్కించకు అని. పదకొండూ ఇరవైకి ఆట మొదలు. పది రీళ్ళూ ఏస్తే ఇంటర్వెల్‌తో కలిపి ఒంటిగంటా పావు అయిపోద్ది. కార్ఖానాలో మజ్జాన్నం బీ షిఫ్టోల్లని గేటుకి తీసుకెల్లే బస్సు ఎన్నింటికి?”

“ఒంటిగంటా పావుకి.”

“మరి? బస్సు పోతే హాజరు పోద్ది. అందుకని పది నిమిషాలు కోసేసినారు. కొట్టుకునే రీలు తీత్తే జనం ఊరుకోరు. ఇది వంటింటి రీలు, మాట నేదు, పాట నేదు. ఎవలడుగుతారు?”

“ఒకలడిగినారు గదా అన్నా. ఆయమ్మకి మతి పోనాదన్నాం.”

రూతమ్మ టీచరు పిల్లల్ని పంపేసిన సంగతి చెప్పాను. నేను లేదన్న సంగతి కూడా చెప్పాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. మా ఊరి మాటల్లో ఒక తిట్టు తిట్టాడు. ఎవర్నో నాకు తెలియలేదు, బహుశా తననే. “ఈ ఆదివారం ఏత్తాను. బస్సు తప్పినోల్లు నన్నే తిట్టుకుంటారు. మేనేజరుకి నానే సెప్పుకుంటాను. నువ్వు ఆయమ్మని తీసుకురా,” అన్నాడు.

ఆవిడ రానన్నారు. ఇంక ఆ సినిమా చూడను అన్నారు. “టీచరమ్మా, నాను సెప్పింది తప్పు. ఏళ్ళతో సూసి సెప్పినాను. ఇప్పుడు కళ్ళతో సూసినాను, ఉన్నాది. మీరూ సూడాల,” అన్నాను. “నా కోసం అబద్ధం చెప్పకు నరసమ్మా, బడిలో అబద్ధాలు చాలా విన్నాను,” అన్నారు. అయినా చీర మార్చుకున్నారు.

ఆదివారం ఐదో రీలు చివర తలుపు పడింది. తలుపులమ్మ తల్లీ అనే కేకలు ఎప్పటిలాగే లేచాయి. తెర మీద కుడి మూల తెల్ల చుక్క పడింది. రెండో మిషను మోటారు వేయాలని ఆపరేటరుకి అది గుర్తు. రెండో చుక్కకి రీలు మారింది. ఉన్నట్టుండి వాన ఆగిపోయింది. తెర అంత తెల్లగా ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. కేకలు వాటంతటవే ఆగాయి.

వంటింట్లో ఆవిడ తొడుగులు తీసింది. ఐదు వేళ్ళు, మళ్ళీ ఐదు వేళ్ళు. రెండూ కలిపి బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. తల్లి కాబోలు, నీళ్ళ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరిగేలోపల ఆవిడ తొడుగులు మళ్ళీ తొడుక్కుని లేచింది. అంతే. కానీ ఆవిడ ఎందుకు తిరిగి వెళ్ళిందో అడగవలసిన పని ఎవరికీ మిగల్లేదు. కోపం తగ్గి వెళ్ళలేదు. కోపంతోనే వెళ్ళింది. ఆ మొహం నేను బల్ల మీద రెండు వందల బొమ్మలు వరసగా చూశాను, ఒక్కటీ మారదు. తెర మీద మాత్రం మారినట్టే ఉంటుంది. అది ఎలా చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. నటన రాదన్న నా మాట ఆ రోజే వెనక్కి తీసుకున్నాను.

రూతమ్మ టీచరు పర్సులోంచి చీటీ తీసి, తెర వెలుగులో చూసుకున్నారు. “ఏడుస్తుంది అని రాశాను. ఏడవలేదు కదూ?” అన్నారు.

“ఏడవలేదు టీచరమ్మా. నాను బొమ్మ బొమ్మా సూసినాను.”

“అయితే ఆ రోజు ఏడ్చింది నేనన్నమాట,” అని ఆ ఒక్క మాటా కొట్టేసి, చీటీ మళ్ళీ దాచుకున్నారు.

ఒంటిగంట దాటగానే బీ షిఫ్టు వాళ్ళు లేచారు. తొమ్మిదో రీలు నడుస్తుండగా సగం హాలు ఖాళీ అయింది. అయినా ఎవరూ గొడవ పడలేదు. ముగింపు వాళ్ళందరికీ ఏళ్ళ తరబడి తెలిసినదే, తెలియనిది మధ్యదే. కార్ఖానాలో క్రేను నడిపే ఒకాయన మాత్రం గుమ్మంలో ఆగి నాతో, “ముందే బాగున్నాది అక్కా. ఎందుకొచ్చినాదో ఎవలికి తోసినట్టు ఆళ్ళం సెప్పుకునీవోళ్ళం,” అన్నాడు. అందులోనూ కొంత నిజం ఉంది.

మేనేజరు పైడిరాజన్నని గదిలోకి పిలిచి గట్టిగానే మాట్లాడాడు. ఆ వారమే బయట బోర్డు మీద ఆట వేళ పదకొండూ ఐదుగా మార్చి రాయించాడు. అన్నేళ్ళూ అది ఎవరికీ ఎందుకు తోచలేదంటే, బోర్డు మీద రాసి ఉన్నది మారదని అందరూ అనుకున్నారు. పిల్లలు కద్మా వరండాకి తిరిగి వచ్చారు. ఎస్తేరు స్టవ్ దగ్గర ఒక అలారం గడియారం పెట్టింది. టీచరమ్మ స్టవ్ మర్చిపోవడం మాత్రం మానలేదు. మర్చిపోవడం వేరు, లేనిది ఊహించుకోవడం వేరు అని పాఠంలాగా అందరికీ చెప్పేవారు.

తర్వాత మూడేళ్ళకి రీళ్ళు పోయి డిజిటల్ పెట్టె వచ్చింది. చెకరు పని పోయింది, నన్ను గేటుకి మార్చారు, అక్కడే రిటైరయ్యాను. ఆ మూడేళ్ళూ నా కార్డుల మీద సున్నా వేయవలసి వచ్చినప్పుడల్లా రీలు విప్పి దీపం ముందు పెట్టి చూసి వేశాను. ఆ పనిలో నేను నేర్చుకున్నది అదే. దెబ్బ తగిలిన చోట వేలికి తెలుస్తుంది. తగలని చోట ఎందుకు తగలలేదో కంటితో చూడాలి. చూడకుండా లేదు అనకూడదు, చెకరు అసలే అనకూడదు, ఎందుకంటే జనం నమ్ముతారు.