పేర్లు లేకుండా అందిన మూడు ఫొటోలు

2003 ఆగస్టులో నేను పలాసలో మత్స్య అభివృద్ధి అధికారిగా ఉన్నాను. నా పైన టెక్కలిలో సహాయ సంచాలకులు, నా కింద ఇద్దరు ఫీల్డ్‌మ్యాన్లు. ఉద్దానం తీరంలో వేటకు వెళ్లే పడవల నమోదు, వలలకు రాయితీలు, ప్రమాదం జరిగితే నివేదిక మా పనులు. పడవ తిరిగి రాకపోతే మండల రెవెన్యూ అధికారికీ పోలీసులకూ తెలియజేసి, పొరుగు తీరాల కార్యాలయాలకు కబురు పంపాలి. నైరుతి గాలుల రోజుల్లో తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది. అందుకని ఆ రోజుల్లో మా మొదటి కబురు ఒరిస్సాకే వెళ్లేది.

ఆ నెల వాయుగుండం పట్టినప్పుడు వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరి పడవ తిరిగి రాలేదు. అందులో వెళ్లిన ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. పెద్దాయన బైరాగి, కొడుకు లోకనాథం, అల్లుడు ధర్మారావు. నేను నాలుగు వైపులా కబుర్లు పంపాను. కొన్నాళ్లకు ఒక ఉదయం ఒరిస్సాలోని ఒక రేవు ఊరి నుంచి అక్కడి మత్స్యశాఖ అధికారి ఫోను చేశాడు. మరబోటు వాళ్లు ముగ్గురినీ సముద్రంలోంచి తీశారట, ఒకరు చనిపోయారట, వివరాలు మెయిల్లో పంపుతున్నాడట. ఎవరని అడిగేలోగా లైను తెగిపోయింది.

మా కార్యాలయంలో అప్పటికింకా కంప్యూటరు లేదు. మెయిలు చూడాలంటే కాశీబుగ్గలో ఉషారాణి అనే అమ్మాయి నడిపే నెట్ సెంటరుకు వెళ్లాలి. నేను వెళ్లి కూర్చున్న కాసేపటికే గుమ్మం ముందు ఆటో ఆగింది. బైరాగి భార్య పోలమ్మ, కూతురు సరస్వతి, ఊరి పెద్ద గురయ్య దిగారు. ఒకరు పోయారన్న మాట నా కంటే ముందే ఊరు చేరింది. కార్యాలయంలో అడిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

మెయిల్లో రెండు వాక్యాలే ఉన్నాయి. ముగ్గురి ఫొటోలు జతచేశాను, ఎవరి పరిస్థితి ఏమిటన్నది ఫైళ్ల పేర్లలో రాశాను అని. కింద చూస్తే ఆ పేర్లు లేవు. మూడు ఫైళ్లకూ ఏ.టి.టి. అన్న అక్షరాలు, వాటి వెనక వరసగా సున్నాలు, చివర ఒకటి, రెండు, మూడు. ఉషారాణి ఒక్కొక్కటే తెరిచింది. టెలిఫోను లైను మీద నడిచే నెట్టు కాబట్టి ఫొటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ముందు నుదురు, తర్వాత కళ్లు. మొదటి ఫొటోలో లోకనాథం, చేతికి సెలైన్ గొట్టం ఉంది. రెండో దానిలో బైరాగి, మూడో దానిలో ధర్మారావు. ఆ ఇద్దరికీ మెడదాకా తెల్లదుప్పటి, మూసిన కళ్లు, ఉప్పునీటికీ ఎండకూ ఉబ్బిన మొహాలు. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు పోయారో ఫొటోలు చూసి చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

నిర్ధారణ కాని మరణవార్త బంధువులకు చెప్పకూడదన్నది మా పద్ధతి. కానీ సగం మాట అప్పటికే వాళ్ల చెవిన పడింది. అందుకని తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాను. కొడుకు బతికి ఉన్నాడు, మిగతా ఇద్దరిలో ఒకరు లేరు, ఎవరన్నది నాకు తెలియదు.

పోలమ్మ మూడు ఫొటోలూ చూపించమంది.

సరస్వతి మూడో ఫొటో వైపు చూపించి, "సివర ఉన్నోడే పోయినోడా బాబూ?" అని అడిగింది.

"అలా అనుకోకండమ్మా. ఈ నంబర్లు ఆయన పెట్టినవి కావు, మెయిలు తనంతట తాను వేసుకున్నవి," అంది ఉషారాణి.

గురయ్యకు ఆ మాట రుచించలేదు. "ముసిలోడు సముద్రంలో పుట్టి పెరిగినోడు. అల్లుడు నందిగాం సెరువుల్లో ఈదినోడు. ఇందులో తెలవందేటుంది? ఊరికి ఫోన్ సేసి సెప్పేత్తాను," అని లేచాడు. ఆ ఫోను వెళ్తే ఊళ్లో ధర్మారావు పేరు మీద ఏడుపు మొదలవుతుంది. నేను అడ్డు చెప్పబోతుంటే పోలమ్మే అంది.

"ఆగు గురయ్య మావా. తెలిసినాక ఏడ్డానికి బోలెడు పొద్దుంది."

గురయ్య కూర్చున్నాడు. నేను పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను. చాలాసేపు మోగి మోగి ఆగిపోయేది. చివరకు ఎవరో ఎత్తి, అధికారి ఆసుపత్రికి వెళ్లాడన్నారు. బూతు నంబరు ఇచ్చి పెట్టేశాను. మధ్యాహ్నం దాటాక ఆయనే చేశాడు. ఫైళ్ల పేర్లు రాలేదంటే ముందు నమ్మలేదు. నేను ఒక్కొక్కరి పేరూ, వయసూ, ఒంటి మీది గుర్తూ చెప్పించుకుని రాసుకున్నాను. రాసింది తిరిగి చదివి వినిపించి, అవుననిపించుకున్నాను. పోయింది బైరాగి. మరబోటు ఎక్కించిన కాసేపటికే ప్రాణం పోయిందట. ధర్మారావు వార్డులో గంజి తాగుతున్నాడు.

బయటకు వచ్చి చెప్పాను. పోలమ్మ కూతురి మణికట్టు పట్టుకుని, "నీ మొగుడు బతికున్నాడే. ఇన్నావా?" అంది. సరస్వతి తలూపాకే పోలమ్మ మెట్టు మీద కూలబడింది. అప్పుడు తండ్రి కోసం "అయ్యా" అంటూ సరస్వతి ఏడ్చింది. కొంతసేపటికి పోలమ్మ నన్ను అడిగిన మాట ఒకటే.

"ఆయన్ని ఎవులు తెత్తారు బాబూ?"

నేనూ గురయ్యా సాయంత్రం రైలుకు వెళ్లి, శవాన్నీ మిగతా ఇద్దరినీ తీసుకొచ్చాం.

పంపేచోట ఒక రకం మెయిలు ప్రోగ్రాం, అందుకునేచోట మరో రకం ఉంటే, ఫైలు పేరు రాసే పద్ధతి ఒకదానిది మరోదానికి అర్థం కాక ఇలా అవుతుందని ఉషారాణి తర్వాత వివరించింది. అందులో ఆ అధికారి తప్పేమీ లేదు. ఆయన శ్రద్ధగానే పేర్లు పెట్టాడు. ఆ నెల నివేదికలో సహాయ సంచాలకులకు రెండు సూచనలు రాశాను. పేరూ పరిస్థితీ మెయిలు లోపలి మాటల్లోనే రాయాలి. ఫొటో తీసేముందు మనిషి పక్కన పలక పెట్టి, దాని మీద పేరు రాయాలి. రెండోది మా జిల్లాలో కొన్నేళ్లు అమలైంది.

ఫైలు పేరు ఫొటోలో భాగం కాదు, దానికి కట్టిన చీటీ మాత్రమే. చీటీ ఊడిపోతే అందుకున్నవాళ్లు తమకు తోచిన పేరు పెట్టుకుంటారు. పంపడంతో పని అయిపోయిందనుకోకూడదని నాకు అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ముఖ్యమైన మెయిలు పంపిన ప్రతిసారీ ఫోను చేసి, అవతలివాళ్ల తెర మీద ఏం కనబడుతోందో చదివించుకునేవాణ్ని.