శుభ్రంగా కొరికిన ఎముకలు

“నువ్వు కడిగేది పళ్ళేలా, పుండ్లా?” అని సర్జన్ అడిగాడు.

ఆసుపత్రి వంటింట్లో పనిచేసే డీలియా మీకిస్ తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. “పళ్ళేలే డాక్టర్. అందుకే చెబుదామని వచ్చాను.”

కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, మా నాన్న ఆమోస్‌ను మా ఆదివాసీ ఊరి నుంచి చిన్న విమానంలో ఆ ఆసుపత్రికి తెచ్చి అప్పటికి మూడు వారాలు. చక్కెర జబ్బు మనిషి, ఎడమ పాదం మీద పుండు. అది మానకపోగా ఆయన ఆరు కిలోలు తగ్గాడు. ఇంకో పది రోజులు చూసి మోకాలి కింద కాలు తీసేస్తామన్నారు. తిండి కాగితంలో మాత్రం నర్సు ప్రతి పూటా ఒకటే రాసేది: మొత్తం తిన్నాడు.

ఖాళీ పళ్ళెం చూసి రాసిన మాట అది. ఆ పళ్ళెంలో కోడి ఎముకలు నున్నగా కొరికి ఉండడం డీలియా చూసింది. బయల్దేరే హడావుడిలో నాన్న పై వరుస కట్టుడు పళ్ళు ఇంట్లోనే మర్చిపోయాడని ఆమెకు తెలుసు. మర్నాడు మధ్యాహ్నం భోజనం తానే తెచ్చి, వెంటనే వెళ్ళిపోకుండా గుమ్మంలో నిలబడింది.

గదిలో చుట్టాలం ఏడుగురం. నాన్న కోడి ముక్కలు పంచుతున్నాడు. తొడ ముక్క నా చేతిలో ఉంది. మాలో వచ్చినవాళ్ళకు పెట్టకుండా ఎవరూ తినరు, పెడితే వద్దనడం అవమానం. ఆ మర్యాద పేరుతో ఏడుగురం కలిసి ఒక పాదాన్ని తింటున్నాం.

“ఏం పెద్దాయనా, ఊరంతటికీ విందా?” అంది డీలియా.

“వచ్చినవాళ్ళ చేతులు ఖాళీగా ఉంటే నాకు ముద్ద దిగదమ్మా.”

ఆమె మాకు నీతులు చెప్పలేదు. పక్క ఊరి మనిషే, మా సంగతి తెలుసు. తిన్నగా సర్జన్ దగ్గరికి వెళ్ళింది. మొదట ఆ ప్రశ్న అడిగినా, ఎముకల సంగతి విన్నాక ఆయన మెత్తటి చేప, గుడ్లు రెండింతలు పెట్టమని రాసిచ్చాడు. చుట్టాల తిండికి మాత్రం ఆసుపత్రి లెక్కల్లో చోటు లేదన్నారు. డీలియా సొంత డబ్బుతో చేపలు కొని, రోజూ పెద్ద గిన్నెడు సూపు కాచి, బానక్ రొట్టెలతో గది బయట పెట్టింది.

“ముందు మీ గిన్నెలు నింపుకుని ఆయనకు కనబడేలా కూర్చోండి. పెద్దాయన పళ్ళెంలో చెయ్యి పెట్టినవాళ్ళు నాతో పాటు అంట్లు తోమాలి.”

మా చేతులు నిండాయి. నాన్న తన పళ్ళెం తాను తిన్నాడు. పదో రోజున సర్జన్ కట్టు విప్పితే పుండు అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనిపించింది. కోత వాయిదా వేశాడు. ఆ తర్వాత దాని అవసరమే రాలేదు.

సూపు పుండు మాన్పిందని చెప్పుకునే మావాళ్ళతో నాకు పేచీ. మాన్పింది మందులూ, రోజూ మార్చిన కట్టూ. కాకపోతే కొత్త కండ గాలిలోంచి పుట్టదు. దానికి కావలసిన సరుకు ఆ ఒంట్లోకి వెళ్ళేలా చూసింది డీలియా ఒక్కతే. నాన్న ఇప్పుడు రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళి వల వేస్తున్నాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

చేపలకూ పిండికీ ఆమెకు నూట ఎనభై ఆరు డాలర్లయింది. మేమిస్తే పుచ్చుకోలేదు, అది ఆసుపత్రి ఇవ్వాల్సిన డబ్బంది. రసీదులు ఇచ్చి రెండేళ్ళు. ఆసుపత్రి ఇంకా ఇవ్వలేదు.