అక్షరాలకు ‘కూచో’ చెప్పిన పెద్దమ్మ

ఫోనులో తెలుగు రాసుకోవడానికి నేనో యాప్ చేశాను. దాన్ని మొదట వాడింది బత్తలపల్లెలో మా పెద్దమ్మే. అందులో కొట్టిన మాట పూర్తికాకముందే మాయమయ్యేది. పెద్దమ్మ ప్రతి అక్షరాన్నీ మేకపిల్లను గద్దించినట్టు “కూచో!” అనేది. అది వినేది కాదు.

“ఏమప్పా, నీ అక్షరాలకు కాళ్లుండాయా?” అని నన్ను తిట్టేది.

చివరికి తప్పు దొరికింది. కీబోర్డు ఇంకా అక్షరాలు కూరుస్తుండగానే నా యాప్ తొందరపడి తుడిచేస్తోంది. సరిచేసి ఫోను ఆమె చేతికిచ్చాను. అప్పుడే మబ్బు కమ్మి నాలుగు చినుకులు రాలాయి. పెద్దమ్మ నల్లమాడలో ఉన్న చెల్లెలికి “వానొస్తాండాది” అని కొట్టింది. మాట కదల్లేదు! ఇద్దరం వాకిట్లో గంతులేశాం.

గంతుల మధ్యలోనే పెద్దమ్మ తలెత్తి, మబ్బుకు వేలు చూపించి గద్దించింది: “కూచో! యాడికీ పోవాకు!”